పందిరి అవతలి చామంతులు

రాబర్ట్‌సన్‌పేటలో వెంకటేశయ్య ఇంట్లో నీళ్ళకు ఉన్నన్ని కట్టుబాట్లు మనుషులకు లేవు. బేతమంగళం నుంచి వచ్చే కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. బంగారు గనులు సర్కారువి అయినప్పటి నుంచి ఊళ్ళో అన్నీ సర్కారు పద్ధతిలోకి వచ్చాయనీ, కొళాయి కూడా ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోవడం నేర్చుకుందనీ వెంకటేశయ్య తన రాగుల మండీలో కూర్చుని అంటుండేవాడు.

వచ్చిన నీళ్ళలో మొదటి బిందె దేవుడిది. దాన్ని వెంకటేశయ్య తల్లి వసంతమ్మ మడి చీర కట్టుకుని స్వయంగా పట్టేది. రెండోది వంటకు. మిగిలినవి పెద్ద తొట్టిలోకి, స్నానాలకు. స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు అన్నీ కలిసి మోరిలో పడి, పెరటి పొడుగునా ఒక పక్కగా పారి, వెనక గోడ దగ్గర మట్టిలో ఇంకిపోయేవి.

ఆ పెరడు సన్నంగా, పొడుగ్గా ఉంటుంది. వెంకటేశయ్య భార్య కమలాక్షి కాపురానికి వచ్చినప్పుడు అక్కడ చిరిగిన గోనెసంచులు, ఖాళీ నూనె డబ్బాలు తప్ప ఏమీ లేవు. ఆమె పుట్టిల్లు శ్రీనివాసపురం. పుట్టినప్పటి నుంచి మామిడి చెట్ల మధ్య తిరిగిన మనిషి. డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి మరువం, కొత్తిమీర నాటడంతో మొదలుపెట్టి, సంచులన్నీ తీయించి, మట్టి తవ్వి, కానుగ చెక్క, రాగిపొట్టు కలిపి, పెరటిని తోట చేసింది. సరిగ్గా మధ్యలో సొరపందిరి వేసింది. పందిరికి ఇవతల, ఇంటివైపు, తులసికోట, దేవుడి పూల మడి: చామంతి, కనకాంబరం, మరువం. పందిరికి అవతల వంకాయ, బెండ, టమోటా, గోడ వెంబడి అనపపాదు. ఇంట్లో ఉన్నంతసేపూ ఎవరో ఒకరు కమలా అనో, అమ్మా అనో పిలుస్తూనే ఉండేవాళ్ళు. పందిరి దాటిన తరువాత ఆ పిలుపులు వినబడనట్టు ఉండే వీలు ఆమెకు ఉండేది. ఆమె తోటను అంతగా ప్రేమించడానికి అది చిన్న కారణమేమీ కాదు.

అవతలి మొక్కలకు మోరి నీళ్ళు పోసే విషయం మొదట్లోనే వసంతమ్మ దగ్గర విచారణకు వచ్చింది. ఆమె రెండు పూటలు ఆలోచించి తీర్పు చెప్పింది.

"కాయగూరలు పొయ్యి మీదికి పోతాయి కద. అగ్గి తగిలితే దేనికీ దోషం లేదు. పూలకు అగ్గి యాడ తగులుతాది? వాటికి మాత్రం నల్లి నీళ్ళే, కొళాయిలో వచ్చేవే పోయాల."

"దోసకాయ?" అంది కమలాక్షి.

"పప్పులో వేస్తే అవతల పెంచు. పచ్చిగా కోసంబరిలో వేసేదయితే ఇవతల పెంచు."

కొత్తిమీర పొయ్యి దించాక చల్లేది కాబట్టి దాని డబ్బాలు ఇవతలికి వచ్చాయి. పచ్చిమిరపకాయ అవతలికి పోయింది. ఈ తీర్పు మీద అప్పీలు లేదు. వసంతమ్మ పందిరి దాటి అడుగు పెట్టేది కాదు. పెడితే మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకోవాలి.

ఇలా అందరికీ కుదిరిన ఏర్పాటులో వెంకటేశయ్యకు మాత్రం కుదరలేదు. కోతల కాలంలో రాగి మూటలు మండీ నిండి ఇంట్లోకి వచ్చేవి. నడింట్లో అటకదాకా పేర్చేవాళ్ళు. వచ్చిన చుట్టాలు మూటల మీదే కూర్చుని కాఫీ తాగేవాళ్ళు. పెరట్లో రేకుల గోదాము వేస్తే ఈ కష్టం తీరుతుందని అతను ఏళ్ళ తరబడి చెబుతున్నాడు. ఇల్లు తల్లి పేరున ఉంది. ఒకరోజు ఆమె ఆ గొడవకు కూడా తీర్పు చెప్పేసింది.

"చూడప్పా వెంకటేశా. దేవుడికి పూలు పూచేంతవరకు ఆ జాగా దేవుడిది. పూలు నిలిచిపోయిన పొద్దు నీది. ఇంగ నన్ను అడగొద్దు."

వెంకటేశయ్య అడగడం మానేశాడు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పూలమడి వైపు చూడటం మొదలుపెట్టాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో భర్త తన మొక్కల మీద ఇంత శ్రద్ధ చూపడం కమలాక్షి ఎరగదు.

ఆ ఏడాది వానలు తప్పిపోయాయి. కొళాయి రోజు విడిచి రోజు కాస్తా ఎప్పుడో ఒకప్పుడు అయింది. దేవుడి బిందెలో పూజకు పోను మిగిలిన చెంబెడు నీళ్ళే పూలమడికి దక్కేవి. ఆషాఢం గాలికి గనుల మట్టి పోసిన సైనేడు దిబ్బల మీది తెల్లటి దుమ్ము లేచి ఊరంతా కమ్ముకుంది. చామంతి ఆకుల మీద సున్నం కొట్టినట్టు పేరుకుంది. కడుగుదామంటే నీళ్ళు లేవు. కమలాక్షి పాత చీరముక్కతో ఒక్కో ఆకు తుడిచేది.

"పాపం, ఎండిపోతా ఉండాయే," అని వెంకటేశయ్య ఎంతో దయగా అనేవాడు. అంటూనే పందిరి గుంజకూ గోడకూ మధ్య దూరం కళ్ళతో కొలిచేవాడు. అతను తోటలో మొక్కల్ని చూడడు, జాగాను చూస్తాడు.

చామంతి పిలకలు విడదీసి నాటే కాలం వచ్చింది. నీళ్ళున్న మేరకు గట్టివి నాలుగు ఇవతల మడిలో నాటింది కమలాక్షి. మిగిలిన బక్కవి పారేయాలి. గోడ అవతలికి విసరడానికి చెయ్యెత్తింది గానీ విసరలేకపోయింది. పందిరి అవతల మోరి నీళ్ళు ఇంకే చోట వేలితో గుంతలు చేసి వాటిని గుచ్చి వచ్చింది. నాటినట్టు కాదు, పారేసినట్టూ కాదు.

ఇవతలి మొక్కలకు మడి, స్తోత్రం, కొళాయి నీళ్ళు దక్కాయి. అవతలి వాటికి గిన్నెలు తోమిన బూడిద నీళ్ళు, ఇంటిల్లిపాది స్నానం నీళ్ళు, వెంకటేశయ్య తల రుద్దుకున్న సీకాయ దక్కాయి. దీపావళి వచ్చేసరికి ఇవతలివి పుల్లల్లా నిలబడ్డాయి. అవతలివి గుబురుగా పెరిగి, కొసలు గిల్లిన కొద్దీ కొమ్మలు వేసి, ఒక్కోటి చిన్న పొదలా తయారై, గిన్నెంతేసి పసుపు పూలు పూశాయి. కమలాక్షి వాటిని చూసి సంతోషించింది. దేవుడికి పనికిరావు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

కార్తీకంలో ఒక శుక్రవారం ఇవతలి మడిలో ఒక్క పువ్వు కూడా లేకుండా పోయింది. వసంతమ్మ పూజ దగ్గర ఖాళీ బుట్ట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. వెంకటేశయ్య పెరటి గడపలో నిలబడి ఉన్నాడు. అతని పక్కన మేస్త్రీ పాపన్న ఉన్నాడు.

"కమలా, పూలు?" అంది వసంతమ్మ లోపలి నుంచి.

"ఈపొద్దు పూలు లేవేమోమ్మా," అన్నాడు వెంకటేశయ్య. గొంతులో దుఃఖం సరిగ్గా పలకలేదు. పాపన్న టేపు విప్పాడు.

"ఎందుకుండవు? తెస్తా ఉండాను," అని కమలాక్షి పందిరి దాటి పోయింది.

బుట్ట నిండా కోసుకొచ్చింది. రెండు చెంబుల కొళాయి నీళ్ళతో కడిగింది. ఆ రెండు చెంబులు ముందే ఇవతలి మడికి పోసి ఉంటే ఈ అవసరం వచ్చేది కాదేమో అని కడుగుతుండగా తోచింది. అప్పటికే ఆలస్యమైంది. ఆమె అబద్ధం చెప్పలేదు. పూలు ఎక్కడివని ఎవరూ అడగలేదు, అంతే; వెంకటేశయ్య కళ్ళు పాపన్న టేపు మీదే ఉన్నాయి.

వసంతమ్మ కళ్ళలో పొర ఉంది. దూరంగా ఉన్న మడి ఆమెకు పచ్చటి మరకలా కనిపించేది. దగ్గరగా ఉన్న పువ్వు మాత్రం బాగానే కనిపించింది. ఒక పువ్వు అరచేతిలో పెట్టుకుంది. అరచెయ్యి కనబడలేదు.

"చూసినావా వెంకటేశా! నీళ్ళు లేవు లేవు అని ఏడిస్తివి. చెంబెడు నీళ్ళు అయితే ఏమి? మడి నీళ్ళు. చూడు ఎట్ల పూచిందో!"

పాపన్న టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వసంతమ్మ మిగిలిన పూలను దండ కట్టించి అమ్మవారి గుడికి పట్టుకుపోయింది. గుడిలో మహిళా సంఘానికి పెద్ద జయలక్ష్మమ్మ, బట్టల అంగడి వారి ఇల్లాలు. ఆమె దండను పట్టుకుని, తిప్పి, వాసన చూడబోయి, దేవుడిదని గుర్తొచ్చి ఆగింది.

"వసంతక్కా, బెంగుళూరు నుంచి తెప్పించినావా?"

"బెంగుళూరు ఎందుకమ్మా? మా పెరట్లోవే."

"ఈ కరువులోనా? మా ఇంట్లో బంతి కూడా మాడిపోయిండాది!"

"ఏ నీళ్ళు పోస్తా ఉండావు?"

జయలక్ష్మమ్మ తడబడింది. "అవే... ఏవో ఉండేవి."

"అదీ సంగతి," అంది వసంతమ్మ.

అప్పటి నుంచి శుక్రవారం అలంకారానికి పూలు వసంతమ్మ ఇంటివే. మండపంలో కూర్చుని ఆమె తోట పెంచే విధానం వివరించేది. ఆమె జీవితంలో ఒక మొక్కకు నీళ్ళు పోసి ఎరగదు. దానివల్ల వివరణకు ఏ ఆటంకమూ కలగలేదు. మొదటి బిందె నీళ్ళే పోయాలి. తడి చీరతో పోయాలి. పోసేటప్పుడు మాట్లాడరాదు. సంఘంలో ఆడవాళ్ళు శ్రద్ధగా విని ఇళ్ళకు పోయి అలాగే చేశారు. అంతవరకు పోస్తున్న బట్టలుతికిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు ఆపేశారు. వాళ్ళ మొక్కలు బిందెడు శుద్ధజలం కోసం ఎదురుచూసి చచ్చిపోయాయి. జయలక్ష్మమ్మకు తడి చీరతో జలుబు చేసింది, కనకాంబరం పోయింది.

"నా భక్తి చాలలేదేమో అక్కా," అంది ముక్కు తుడుచుకుంటూ.

"చాలలేదు," అని వసంతమ్మ ఒప్పుకుంది.

ఈ మాటలు కోడలికి చెప్పి ఆమె ఆనందించేది. కమలాక్షి వంకాయలు తరుగుతూ తల వంచుకుని వినేది. అత్త సంతోషంగా ఉంది, దేవుడు ఏమీ అనలేదు, గోదాము రాలేదు. ఇంక ఎవరికి నష్టమో ఆమెకు తోచలేదు.

నష్టం అత్తగారి దయ రూపంలో వచ్చింది. వెనక సందులో మునిసిపాలిటీవాళ్ళు వీధి కాలువ కట్టారు. ఆ సంగతి తెలిసిన రోజు అన్నాల దగ్గర వసంతమ్మ అంది:

"కమలా, ఇన్నాళ్ళూ నువ్వు పడిన కష్టానికి నేను ఒకటి చెయ్యాలనుకుంటా ఉండాను. దేవుడి పూలు పూచే తోట. దాంట్లో ఆ గలీజు మోరి ఎందుకమ్మా? గొట్టం వేయించి నీళ్ళన్నీ వీధి కాలువలోకి తోసేద్దాము. అవతల జాగాలో కూడా పూలే వేసుకో."

కమలాక్షి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వెంకటేశయ్య మాత్రం పెరుగు పోసుకోవడం ఆపి తల్లి వైపు భక్తిగా చూశాడు. గోదాము వద్దన్న మనిషి తానే సగం పెరడు ఆరబెట్టిస్తానంటున్నది.

"మంచి మాట చెప్పినావమ్మా. రేపే పాపన్నను పిలుస్తాను."

"మోరి లేకపోతే వంకాయలకు నీళ్ళు యాడివి అత్తా?"

"సంతలో దొరకవా వంకాయలు? దేవుడి పని ముందు వంకాయలు చూస్తే అయితాదా?"

"ఇప్పుడు శూన్యమాసం వస్తాది కద. తవ్వకాలు చెయ్యకూడదేమో."

"కొత్త ఇల్లు కట్టకూడదు. మోరి మూసేదానికి ముహూర్తం ఎందుకు?"

కమలాక్షికి రెండు దారులు కనిపించాయి. నిజం చెబితే తోట ఆ రోజే పోతుంది, గుడిలో అత్త తలెత్తుకోలేదు. చెప్పకపోతే గొట్టం పడుతుంది, మొక్కలు నిదానంగా ఎండుతాయి, పూలు ఆగిన శుక్రవారం పాపన్న టేపు మళ్ళీ విప్పుతాడు. రెండో దారిలో కనీసం ఇప్పుడున్న మొగ్గలు విచ్చుకుంటాయి. ఆమె రెండో దారి పట్టింది. పట్టినా ఊరుకోలేక, మరునాడు బుట్టెడు లేత వంకాయలు తీసుకుని పాపన్న ఇంటికి పోయింది.

"పాపన్నా, నీకు శానా పనులు ఉంటాయి కద. మాది తొందరేమీ లేదు. పండగ పోనీ, తరువాత చూద్దువులే."

పాపన్న వంకాయల్ని చూసి కదిలిపోయాడు. "సెట్టెమ్మా, ఇంత దూరం మీరే తెచ్చినారా? మీ పని నిలిపి వేరే పని చేస్తానా నేను? చూడండి!"

వెంకటేశయ్యతో వస్తానని చెప్పిన రోజుకు ముందురోజే, ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని, పారలతో వచ్చేశాడు.

వెంకటేశయ్య మండీలో ఉన్నాడు. వసంతమ్మ తులసికోట దగ్గర పీట వేయించుకుని కూర్చుంది. అదే సమయానికి జయలక్ష్మమ్మ కూడా వచ్చింది. నాలుగు చామంతి పిలకలు అడిగి తీసుకుపోవాలని ఆమె కోరిక.

"ఇంత పుణ్యం చేసుకున్న మొక్కల పిలకలు నాటితే మా ఇంట్లో కూడా బతుకుతాయేమో అక్కా."

"తీసుకో, దానికేమి. కమలా, పిలకలు తీసివ్వు."

కమలాక్షి ఇవతలి మడి వైపు చూసింది. అక్కడ పిలకలు కాదు కదా, ఆకులే లేవు. "పొద్దు వాలినాక తీసిస్తానత్తా. ఎండలో పీకితే వాడిపోతాయి," అంది. అది నిజమే. ఆ మధ్య ఆమె చెప్పేవన్నీ నిజాలే.

పందిరి అవతలి నుంచి పాపన్న కేక వేశాడు. "పెద్దమ్మా! గొట్టం పూలచెట్ల మధ్యనే పోవాల. పీకేదా, పక్కకు తిప్పేదా?"

"పూలచెట్లా? వంకాయ చెట్లు అను."

"వంకాయలు కాదు పెద్దమ్మా, చామంతి! అబ్బ, ఏమి పూసిండాదో వచ్చి చూడండి."

వసంతమ్మ లేచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంది. అత్త సొరపందిరి కింద వంగి, అవతలికి దాటింది. ఆమె వెనకే జయలక్ష్మమ్మ.

మోరి నీళ్ళు సబ్బు నురగతో మెల్లగా వస్తున్నాయి. వచ్చి చామంతి మొదళ్ళలో చేరుతున్నాయి. పైన పసుపు పూలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. వసంతమ్మ బాగా దగ్గరికి పోయి, వంగి, ఒక పువ్వు చూసింది. తరువాత దాని కాడ చూసింది. కాడ కింద మొదలు చూసింది. మొదలు చుట్టూ ఉన్న నీళ్ళు చూసింది. అంతవరకు తన కంటి పొర గురించి డాక్టరును తిట్టుకునే మనిషి, ఆ క్షణాన అది ఇంకొంచెం మందంగా ఉంటే బాగుండునని అనుకుని ఉంటుంది.

జయలక్ష్మమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నుంచి అంది:

"వసంతక్కా... శుక్రవారం పూలు ఇవేనా?"

పాపన్న, కూలీలు పారలు ఆపి నిలబడ్డారు.

"అత్తా, తప్పు..." అని మొదలుపెట్టింది కమలాక్షి.

"సుమ్మనుండు, నోరెత్తొద్దు," అంది వసంతమ్మ. కోడలి వైపు చూడలేదు. నడుము నిలబెట్టి జయలక్ష్మమ్మ వైపు తిరిగింది. "ఇవే. ఏమి?"

"ఏమీ లేదు. ఈ మోరి..."

"ఎవరు చెప్పినారు నీకు మోరి అని?"

"మోరి కాకపోతే మరేంది అక్కా ఇది?"

"నేను స్నానం చేసిన నీళ్ళు. పొద్దున్నే లేచి, స్తోత్రం చదువుకుంటా, తలమీద పోసుకుంటానే, ఆ నీళ్ళు. నేరుగా వచ్చి ఇట్ల చేరతాయి." వసంతమ్మ ఒక అడుగు ముందుకేసింది. "నా మీద పడితే నీళ్ళు మైల అయితాయా? చెప్పు. నువ్వు సంఘానికి పెద్దదానివి. నువ్వే చెప్పు."

జయలక్ష్మమ్మ చాలా కష్టంలో పడింది. గుళ్ళో వసంతమ్మ మడికి సాటి లేదని పోయిన శుక్రవారమే అందరి ముందూ చెప్పింది.

"అయ్యయ్యో, నేను అట్ల అన్నానా అక్కా?"

"అనలేదు కద. మరింగ ముక్కు మీద గుడ్డ ఎందుకు?"

కొంగు దిగింది. కానీ జయలక్ష్మమ్మ కూడా బట్టల అంగడి ఇల్లాలే, గుడ్డలో పోగు ఎక్కడ తెగిందో చూడగల మనిషి.

"అయితే అక్కా, ఇంట్లో మిగిలినవాళ్ళ నీళ్ళు కూడా దీంట్లోకే వస్తాయి కద?"

కమలాక్షి కళ్ళు మూసుకుంది.

"రావు," అంది వసంతమ్మ. "ఏమి పాపన్నా, మాట్లాడవు? నిన్ను పిలిపించింది దానికే కద? ఇంట్లోవాళ్ళ స్నానాలు, గిన్నెల నీళ్ళు, అన్నీ గొట్టంలో వీధి కాలువకు పోవాల. నా స్నానం నీళ్ళు మాత్రం వేరే కాలవలో ఇట్ల రావాల. పెరటి గోడ పక్కన నాకు వేరే స్నానం రాయి వెయ్యి. చుట్టూ తడిక కట్టు."

పాపన్నకు వెంకటేశయ్య చెప్పిన పని ఇది కాదు. కానీ తడికకు కూడా కూలి ఉంటుంది. "అవును పెద్దమ్మా," అన్నాడు. "దానికే వచ్చినాను."

జయలక్ష్మమ్మ నాలుగు పిలకలు అడిగి, ఆరు తీసుకుని, వాటిని కళ్ళకద్దుకుని పోయింది.

ఆమె గడప దాటేదాకా వసంతమ్మ అలాగే నిలబడింది. తరువాత తొట్టి దగ్గరికి పోయి తలమీద నీళ్ళు పోసుకుంది. పోసుకుని, తడి చీరతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఈ వయసులో నా చేత అబద్ధం చెప్పిస్తివి కదే."

కమలాక్షి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తోట పోతాదని భయమయింది అత్తా."

"పూజారికి చెప్పి ప్రాయశ్చిత్తం చేసుకుందామంటే, చెప్పిన పొద్దే ఊరంతా తెలుస్తాది." వసంతమ్మ గుమ్మానికి చేరగిలబడింది. తడి కొంగు పిండుకుంది. "ఇంగ ఒకటే దావ ఉండాది. నేను చెప్పింది నిజం చెయ్యాల. ఈ పొద్దు నుంచి ఆ చెట్లకు నా నీళ్ళు తప్ప చుక్క పడకూడదు. విన్నావా? చుక్క."

సాయంత్రం వచ్చిన వెంకటేశయ్య పెరట్లో తడిక చూసి నిర్ఘాంతపోయాడు.

"అమ్మా, నేను అడిగింది ఒకటి, ఇదేంది? గోదాము..."

"పూలు పూస్తా ఉండాయా లేదా?"

"పూస్తా ఉండాయి."

"మరి పోయి కాళ్ళు కడుక్కో. గొట్టంలో కడుక్కో."

కొద్ది రోజుల్లోనే చిక్కు తెలిసింది. ఎంత పవిత్రమైనదైనా ఒక ముసలావిడ స్నానం ఒక బిందె. చామంతులు ఇంటిల్లిపాది నీళ్ళకు అలవాటు పడినవి. ఆకులు వేలాడేశాయి. ఒక మధ్యాహ్నం కమలాక్షి పందిరి దగ్గర నిలబడి వాటినే చూస్తుండగా వసంతమ్మ వెనక నుంచి అడిగింది.

"ఏమి, అట్ల నిలబడుకున్నావు?"

చెట్లు వాడాయని చెబితే ఏం చేయగలదు? చెట్ల కోసం స్నానం చేస్తే అది స్నానం కాదు, నీళ్ళు పోయడం. స్నానానికి కారణం ఉండాలి. కమలాక్షి బట్టల తీగ వైపు చూసింది.

"తీగ మీద మీ మడి చీరను కాకి తాకింది అత్తా. ఇప్పుడే చూసినాను."

మడి చీర నేను కట్టుకునే ఉన్నాను కదా, తీగ మీద ఏముంది అని అడగవలసిన మనిషి వసంతమ్మ. ఆమె కోడలి ముఖం చూసింది. పందిరి వైపు చూసింది.

"కాకి తాకిందా? అయితే తలకు పోసుకోవాల్సిందే," అని తడిక వైపు నడిచింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో మైలకు కొదవ లేకుండా పోయింది. పెద్ద ఎండ కాసిన రోజున తప్పకుండా బల్లి పడేది. వెంకటేశయ్య క్షౌరం చేయించుకుని వచ్చి తల్లికి తగిలినట్టు అతనికే తెలియకుండా తగిలేవాడు. వేమగల్‌లో ఎవరో దూరపు చుట్టం పోయినట్టు కబురు వచ్చేది. ఆ చుట్టరికాన్ని వసంతమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, స్నానం వరకు వస్తుందని తేల్చేది. గుళ్ళో ఆమె మడి ఇంకా ఎత్తుకు పోయింది. రోజుకు మూడుసార్లు స్నానం చేస్తుందని చెప్పుకున్నారు. జయలక్ష్మమ్మ కూడా పెరట్లో స్నానం రాయి వేయించుకుంది. మొక్కలకు నీళ్ళు పడటంతో ఆమె పిలకలు కూడా బతికాయి. దానివల్ల అందరి నమ్మకం మరింత గట్టిపడింది.

తొట్టిలో నీళ్ళు మాత్రం అవే. వెంకటేశయ్యకు సగం బకెట్టు మిగిలేది.

"అమ్మా, నేను మండీలో దుమ్ములో కూర్చునేవాణ్ణి. నాకు స్నానం వద్దా?"

"నీ స్నానం నీళ్ళు గొట్టంలో పోతాయి కదప్పా," అంది వసంతమ్మ. "దండగ."

మార్గశిరం చలి ఆ ఏడాది గట్టిగా పట్టింది. సంఘం వాళ్ళు వచ్చే శుక్రవారం అమ్మవారికి నిలువెత్తు దండ వేయాలని నిర్ణయించారు. పూలు ఎవరివని చర్చ కూడా జరగలేదు. బుధవారం కొళాయి వచ్చింది. మధ్యాహ్నం కమలాక్షి పందిరి అవతలికి పోయి మట్టిలో వేలు గుచ్చి చూసింది. పైన తడి, లోపల పొడి. మొగ్గలు నిండా పట్టి ఉన్నాయి, నీళ్ళు అందితే రెండు రోజుల్లో విచ్చుకుంటాయి.

లోపల వసంతమ్మ శాలువా కప్పుకుని, కందిపప్పులో రాళ్ళు ఏరుతూ దగ్గుతోంది. పొద్దున్నే ఒకసారి స్నానం అయింది. కమలాక్షి ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. తానూ పప్పు ముందుకు లాక్కుని ఏరసాగింది. అత్త దగ్గు ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఏమే, పెరట్లోకి పోయి వచ్చినావు. ఏమన్నా చూసినావా?" అంది వసంతమ్మ.

"ఏమీ లేదత్తా."

"బల్లి?"

కమలాక్షి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. వసంతమ్మ చేతిలో పప్పు చాటలో వదిలి, శాలువా సర్దుకుంది.

"దాచిపెట్టవద్దు. ఒక బిందె మైలనా, రెండు బిందెల మైలనా?"

"ఒకటి చాలత్తా," అంది కమలాక్షి మెల్లగా. "వేడినీళ్ళు కాచిస్తాను."

"నిలువెత్తు దండకు ఒకటి యాడ చాలుతాది?" వసంతమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. "రెండు కాచు."